మీ హాల్-పెచ్ గీత సదస్సులో నిలబడాలంటే

మీరు అడిగింది ఇదీ: రాగి రేకును కోల్డ్ రోలింగ్ చేసి, నాలుగు ఉష్ణోగ్రతల్లో అనీల్ చేశారు (వేడిచేసి మెత్తబరిచారు). గ్రెయిన్ (లోహంలోని స్ఫటిక రేణువు) సైజు 8 నుంచి 15 మైక్రాన్ల దాకా వచ్చింది. వైర్ కట్‌తో (విద్యుత్ స్పార్కులతో కోసే తీగతో) చిన్న టెన్సైల్ శాంపిళ్లు కోసి (గేజ్ పొడవు 10 మి.మీ., వెడల్పు 3, మందం 1) 100 కిలోన్యూటన్ల యూటీఎం (లాగి బలం కొలిచే యంత్రం) మీద లాగారు. శాంపిల్ సాగుదలను నేరుగా కొలిచే ఎక్స్‌టెన్సోమీటర్ లేదు, యంత్రంలో కదిలే అడ్డుదూలం, అంటే క్రాస్‌హెడ్, కదలికనే స్ట్రెయిన్‌గా (సాగిన నిష్పత్తిగా) తీసుకున్నారు. ఒక్కో దశకు మూడు శాంపిళ్లు. గ్రెయిన్ సైజు తగ్గితే బలం పెరుగుతుందని చూపే హాల్-పెచ్ గ్రాఫ్ సరళరేఖలా వచ్చింది. పదార్థాల బలం మీద జరిగే అంతర్జాతీయ సదస్సులో పదిహేను నిమిషాల ప్రసంగానికి ఎంపికయ్యారు. అక్కడ ఏమడుగుతారు, ఎలా సిద్ధపడాలి, వెళ్లాక ఏం వినాలి అన్నది మీ సందేహం.

ముందు ఆ సభ ఎలాంటిదో తెలుసుకోండి. ఈ రంగంలో పాత సదస్సుల వరుస ఐసీఎస్‌ఎంఏ (పదార్థాల బలం మీద అంతర్జాతీయ సదస్సు). 1967లో టోక్యోలో మొదలైంది. సుమారు మూడేళ్లకోసారి ఊరు మారుతూ వచ్చింది: 1973లో కేంబ్రిడ్జ్, 1976లో నాన్సీ, 2012లో మన బెంగళూరు ఐఐఎస్‌సీ, 2015లో బ్ర్నో, 2018లో కొలంబస్, కోవిడ్ వల్ల ఆలస్యమై 2022లో మెట్జ్. దీనికి తోడు పగుళ్ల శాస్త్రానికి ఐసీఎఫ్ అనే అంతర్జాతీయ సదస్సు ఉంది. అది 1965లో సెందాయ్‌లో పుట్టింది, 1984లో ఢిల్లీకి వచ్చింది. ఆ ఢిల్లీ సదస్సు సంపుటాల సంపాదకుల్లో ఇద్దరు తెలుగువాళ్లు, వల్లూరి సీతారామారావు, పల్లె రామారావు. ఈ సభల్లో కూర్చునేవాళ్లలో చాలామంది డిస్‌లొకేషన్లతోనే (స్ఫటికాల్లోని గీత లాంటి లోపాలతోనే) జీవితం గడిపినవాళ్లు. వాళ్లకు మీ బలం సంఖ్య 60 మెగాపాస్కలా 70 మెగాపాస్కలా అన్నది పెద్ద విషయం కాదు. ఆ సంఖ్య ఎలా పుట్టిందన్నదే విషయం. ప్రశ్నలన్నీ అక్కడి నుంచే వస్తాయి. కాబట్టి స్లైడ్ల రంగులకంటే ముందు మీ కొలతలను మీరే పరీక్షకు పెట్టండి. మీరు రాసిన వివరాలు చూస్తే నాలుగు చోట్ల బలహీనత కనిపిస్తోంది. ఇంకా సమయం ఉందన్నారు గనుక సరిచేసుకోవచ్చు.

మొదటిది లోడ్ సెల్, అంటే లాగే బలాన్ని కొలిచే సెన్సర్. మీ శాంపిల్ అడ్డుకోత 3 చదరపు మి.మీ. 60 మెగాపాస్కల్ దగ్గర ఈల్డ్ అయితే (శాశ్వతంగా సాగడం మొదలైతే) అక్కడ లోడ్ 180 న్యూటన్లు మాత్రమే. అనీల్ చేసిన రాగి గరిష్ఠ బలం సుమారు 220 మెగాపాస్కల్ అనుకున్నా మొత్తం పరీక్ష 660 న్యూటన్ల దగ్గర ముగుస్తుంది. 100 కిలోన్యూటన్ల లోడ్ సెల్ క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ తెరిచి చూడండి. మామూలుగా సామర్థ్యంలో 1 లేదా 2 శాతం నుంచే, అంటే 1000 లేదా 2000 న్యూటన్ల నుంచే, ఖచ్చితత్వానికి హామీ ఉంటుంది. అంటే మీ గ్రాఫ్ మొదటి చుక్క నుంచి చివరి చుక్క దాకా హామీ లేని ప్రాంతంలోనే ఉంది. సంఖ్యలు తప్పని దీనర్థం కాదు. ఒప్పని చూపించే ఆధారం మీ చేతిలో లేదు. 1 లేదా 2 కిలోన్యూటన్ల లోడ్ సెల్ దొరికే ల్యాబ్ వెతకండి. పాలిమర్లు, టెక్స్‌టైల్ పరీక్షలు చేసే విభాగాల్లో తరచూ ఉంటుంది. అదీ కుదరకపోతే, తెలిసిన బరువులు వేలాడదీసి 50, 100, 200, 400 న్యూటన్ల దగ్గర మీ సెల్ ఎంత చూపిస్తోందో నమోదు చేసి, ఆ పట్టికను బ్యాకప్ స్లైడ్‌గా పెట్టుకోండి. 10.2 కిలోల బరువు దాదాపు 100 న్యూటన్లు.

రెండోది స్ట్రెయిన్. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చిన్న శాంపిళ్లతో పనిచేసే విద్యార్థుల డేటా ఎక్కువగా ఇక్కడే కూలిపోతుంది. రాగి యంగ్స్ మాడ్యులస్ సుమారు 120 గిగాపాస్కల్. మీ శాంపిల్ గేజ్ భాగం దృఢత్వం లెక్క వేస్తే (120000 ను 3 తో గుణించి 10 తో భాగిస్తే) మి.మీ.కు 36 కిలోన్యూటన్లు. మెషీన్ ఫ్రేము, గ్రిప్పులు, పిన్నులు, గ్రిప్ లోపలి శాంపిల్ తలలు అన్నీ కలిపి దృఢత్వం మి.మీ.కు 10 కిలోన్యూటన్లే ఉందనుకోండి. చిన్న వెడ్జ్ గ్రిప్పులతో అది అసాధారణమేమీ కాదు. అప్పుడు క్రాస్‌హెడ్ కదలికలో 46 వంతుల్లో 10 వంతులే శాంపిల్ సాగినది, మిగిలిన 36 వంతులు మెషీన్ సాగినది. గ్రాఫ్ మీద మాడ్యులస్ 120 బదులు 26 గిగాపాస్కల్ కనిపిస్తుంది. మీ గ్రాఫ్ తీసి మొదటి వాలు కొలవండి. 20, 30 గిగాపాస్కల్ వస్తే జరిగింది ఇదే. సభలో మొదటి వరుసలో కూర్చున్నాయన మీ గ్రాఫ్ చూడగానే మనసులో వేసే లెక్క కూడా ఇదే.

"వాలు ఏదైతేనేం, ఆ వాలుకు సమాంతరంగానే 0.2 శాతం గీత గీశాను కదా" అని మీరు అనవచ్చు. మెషీన్ సాగడం నిజంగా సరళంగా ఉంటే ఆ వాదన కొంతవరకు నిలబడుతుంది. కానీ గ్రిప్పులు మొదట్లో సర్దుకుంటాయి, పిన్నుల్లో ఖాళీ ఉంటుంది, తలలు కొద్దిగా జారుతాయి. అందుకే గ్రాఫ్ మొదట్లో పాదంలా వంకర తిరిగి ఉంటుంది. ఆ వంకరలో ఏ భాగాన్ని సరళరేఖగా తీసుకున్నారన్న దాన్నిబట్టే ప్రూఫ్ స్ట్రెస్ (0.2 శాతం శాశ్వతంగా సాగే చోటి స్ట్రెస్) నాలుగైదు మెగాపాస్కల్ అటూ ఇటూ అవుతుంది. పైగా అనీల్ చేసిన రాగికి స్పష్టమైన ఈల్డ్ పాయింట్ ఉండదు, వక్రం మెల్లగా వంగుతుంది. కాబట్టి మీ సమస్య మామూలు స్టీలు కంటే జటిలం.

దీనికి రెండు మార్గాలున్నాయి. 10 మి.మీ. గేజ్ ఉన్న క్లిప్-ఆన్ ఎక్స్‌టెన్సోమీటర్ దొరికితే వాడండి. అయితే మెత్తటి రాగి మీద దాని కత్తి అంచులు గీత పెట్టకుండా స్ప్రింగ్ బలం తక్కువగా ఉండాలి. రెండోది, నేను మీకు సూచించేది, కెమెరాతో చేసే డిజిటల్ ఇమేజ్ కోరిలేషన్. శాంపిల్‌కు పలుచగా తెల్ల మ్యాట్ పెయింట్ వేసి, పైన నల్ల స్ప్రే దూరం నుంచి చిలకరించాలి. ఒక్కో చుక్క ఫొటోలో 3 నుంచి 5 పిక్సెళ్లు ఉండేలా చూసుకోండి. 10 మి.మీ. గేజ్ 1000 పిక్సెళ్లు ఆక్రమిస్తే 0.2 శాతం స్ట్రెయిన్ అంటే 2 పిక్సెళ్ల కదలిక. సాఫ్ట్‌వేర్ పిక్సెల్‌లో వందో వంతు నుంచి ఇరవయ్యో వంతు దాకా పట్టగలదు గనుక అది చాలు. ఎన్‌కోర్ అనే ఉచిత ప్రోగ్రామ్ మ్యాట్‌ల్యాబ్ మీద నడుస్తుంది. ఇక్కడ దెబ్బతీసేది శాంపిల్ కెమెరా వైపు కదలడం. కెమెరా 200 మి.మీ. దూరంలో ఉండి శాంపిల్ 0.1 మి.మీ. ముందుకు జరిగితే 0.05 శాతం లేని స్ట్రెయిన్ కనిపిస్తుంది. అది మీ 0.2 శాతంలో పావు వంతు. కెమెరాను వీలైనంత దూరంగా పెట్టి, పొడవైన ఫోకల్ లెంగ్త్ లెన్స్ వాడండి. పరీక్ష మొదలుపెట్టే ముందు లోడ్ లేకుండా పది ఫొటోలు తీసి విశ్లేషించండి. అందులో కనిపించే స్ట్రెయిన్ అంతా నాయిస్. ఆ సంఖ్య స్లైడ్ మీద రాయండి. అడిగే ప్రశ్నల్లో సగం అక్కడే ఆగిపోతాయి.

స్ట్రెయిన్ రేటు గురించి ఒక మాట. నిమిషానికి 0.6 మి.మీ. క్రాస్‌హెడ్ వేగంతో 10 మి.మీ. గేజ్‌కు సెకనుకు 0.001 అని అబ్‌స్ట్రాక్ట్‌లో రాసి ఉంటారు. పై లెక్క ప్రకారం ఎలాస్టిక్ భాగంలో శాంపిల్ మీద నిజంగా పడింది అందులో దాదాపు ఐదో వంతే. ఐఎస్‌ఓ 6892 మొదటి భాగం పద్ధతిలో ప్రూఫ్ స్ట్రెస్ కొలిచేటప్పుడు సెకనుకు 0.00025 సాధారణం. గది ఉష్ణోగ్రతలో రాగికి రేటు ప్రభావం తక్కువే గనుక ఇది మీ ఫలితాన్ని తారుమారు చేయదు. కానీ స్లైడ్ మీద "నామమాత్రపు క్రాస్‌హెడ్ రేటు" అని స్పష్టంగా రాయాలి.

మూడోది శాంపిల్ తయారీ. అనీల్ చేసిన రాగి 53 మెగాపాస్కల్ దగ్గర లొంగుతుందంటే, మీ శాంపిల్‌కు 160 న్యూటన్లు చాలు. వెడ్జ్ గ్రిప్పులు చేత్తో బిగించేటప్పుడే శాంపిల్ మీద అంతకంటే ఎక్కువ తోపుడు పడవచ్చు. పరీక్ష మొదలయ్యే ముందే శాంపిల్ ప్లాస్టిక్‌గా నలిగిపోతుంది, మీ ఈల్డ్ స్ట్రెస్ పెరుగుతుంది, కారణం గ్రెయిన్ సైజు అని మీరు అనుకుంటారు. బిగించేటప్పుడు లోడ్ రీడింగ్ చూస్తూ, అది సున్నా దగ్గరే ఉండేలా క్రాస్‌హెడ్‌ను సర్దుతూ బిగించండి. పై గ్రిప్ ముందు, కింది గ్రిప్ తర్వాత. పిన్నుతో పట్టే తలలు ఇంకా మేలు.

కోత విషయానికొస్తే, వైర్ కట్ అంచుల మీద కరిగి గడ్డకట్టిన పొర కొన్ని మైక్రాన్ల నుంచి కొన్ని పదుల మైక్రాన్ల దాకా ఉంటుంది. రోల్ చేసిన రేకు నుంచే శాంపిళ్లు కోసి, అంచులను 600, 800, 1200 గ్రిట్ కాగితంతో పొడవు దిశలో రుద్ది, ఆ తర్వాత అనీల్ చేయండి. అనీల్ అయ్యాక రుద్దితే పైపొరలో మళ్లీ డిస్‌లొకేషన్లు నింపినట్టే. ఫర్నేసులో ఆర్గాన్ గానీ వాక్యూమ్ గానీ వాడండి. ఆక్సిజన్ ఉన్న మామూలు ఎలక్ట్రికల్ రాగిని హైడ్రోజన్ కలిసిన వాయువులో వేడిచేస్తే లోపల నీటి ఆవిరి పుట్టి గ్రెయిన్ అంచులు విచ్చుకుంటాయి. మీ రాగి ఏ రకమో, ఆక్సిజన్ ఎంతో స్లైడ్ మీద ఉండాలి. మందం కొలవడానికి 0.02 మి.మీ. లీస్ట్ కౌంట్ ఉన్న వెర్నియర్ పనికిరాదు. 1 మి.మీ. మందంలో అదే 2 శాతం. 0.001 మి.మీ. చూపే డిజిటల్ మైక్రోమీటర్‌తో గేజ్ మీద మూడు చోట్ల కొలవండి.

ఇక నాలుగోది. మీ ప్రసంగం మొత్తం దీని మీదే నిలబడి ఉంది: హాల్-పెచ్ గీత. 1951లో హాల్, 1953లో పెచ్ ఇనుము, స్టీలు మీద చూపించిన సంబంధం ఇది: ఈల్డ్ స్ట్రెస్ గ్రెయిన్ సైజు వర్గమూలానికి విలోమంగా పెరుగుతుంది. రాగికి ఆ వాలు సుమారు 0.11 మెగాపాస్కల్-రూట్ మీటర్. ఇప్పుడు మీ పరిధి వేసి చూడండి. 8 మైక్రాన్లకు వర్గమూల విలోమం 354, 15 మైక్రాన్లకు 258. తేడా సుమారు 95. దాన్ని 0.11 తో గుణిస్తే 10.5 మెగాపాస్కల్. మీ పరిధి మొత్తంలో ఈల్డ్ స్ట్రెస్ మారాల్సింది అంతే, సుమారు 53 నుంచి 64 దాకా.

మీ మూడు శాంపిళ్ల మధ్య స్టాండర్డ్ డీవియేషన్ 4 మెగాపాస్కల్ అని రాశారు. మూడు కొలతలకు 95 శాతం నమ్మకంతో సగటు హద్దులు కావాలంటే 4.30 ని 4 తో గుణించి, 3 వర్గమూలంతో భాగించాలి. ప్లస్ ఆర్ మైనస్ 10 వస్తుంది. అంటే ఒక్కో చుక్క చుట్టూ ఉన్న అనిశ్చితి, మొదటి చుక్కకూ చివరి చుక్కకూ మధ్య ఉన్న తేడా దాదాపు సమానం. అలాంటి నాలుగు చుక్కల గుండా ఏ గీతైనా పోతుంది. వర్గమూలం బదులు ఘనమూలం పెట్టినా, లాగరిథం పెట్టినా అంతే అందంగా వస్తుంది. సరళరేఖకు ఎంత దగ్గరగా పడ్డాయో చెప్పే 0.98 సంఖ్య చూపిస్తే ఎవరూ ఒప్పుకోరు.

దీనికి మందు పరిధి పెంచడమే. తక్కువ ఉష్ణోగ్రతలో రీక్రిస్టలైజేషన్ (కొత్త గ్రెయిన్లు పుట్టడం) అప్పుడే పూర్తయ్యే చోట ఆపి 2, 3 మైక్రాన్లు సాధించండి. 650, 700 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎక్కువసేపు ఉంచి 100 మైక్రాన్ల దగ్గరకు తీసుకెళ్లండి. 2.5 నుంచి 100 మైక్రాన్ల దాకా పరిధి ఉంటే విలోమ వర్గమూలం 632 నుంచి 100 దాకా మారుతుంది, ఈల్డ్ స్ట్రెస్‌లో సుమారు 58 మెగాపాస్కల్ తేడా వస్తుంది. అది నాయిస్ కంటే ఎంతో పైన నిలుస్తుంది. 1 మి.మీ. మందంలో 100 మైక్రాన్ల గ్రెయిన్లు పదే పడతాయి. అంతకంటే ముతకగా వెళ్లొద్దు, మందం ప్రభావం మొదలవుతుంది. ఒక్కో దశకు శాంపిళ్లు ఐదు చేయండి. అదే 4 మెగాపాస్కల్ డీవియేషన్‌కు ఐదు కొలతలతో హద్దు ప్లస్ ఆర్ మైనస్ 5 కు దిగుతుంది. ఆరు దశలకు ముప్పై శాంపిళ్లు. ఒక చిన్న రేకు ముక్కలోంచే వస్తాయి.

గ్రెయిన్ సైజు ఎలా కొలిచారన్నది ఆ వెంటనే వచ్చే ప్రశ్న. రాగిలో అనీలింగ్ ట్విన్లు (గ్రెయిన్ లోపలే అద్దంలో ప్రతిబింబంలా అమరిన పట్టీలు) విపరీతం. ఈబీఎస్‌డీ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో గ్రెయిన్ల దిశలు కొలిచే పద్ధతి) సాఫ్ట్‌వేర్‌లో 15 డిగ్రీల హద్దు పెట్టి వదిలేస్తే ట్విన్ అంచులను కూడా గ్రెయిన్ అంచులుగానే లెక్కపెడుతుంది, సైజు సగానికి దగ్గరగా పడిపోవచ్చు. అన్ని దశల్లోనూ సైజు సరిగ్గా సగమైతే మీ వాలు 0.11 నుంచి 0.078 కి మారుతుంది, అసలు పదార్థంలో ఏమీ మారకుండానే. రెండు రకాలుగానూ లెక్కించి రెండు వాలులూ చూపించండి. మీరు పోలుస్తున్న పాత పేపర్ ట్విన్లను లెక్కలోకి తీసుకుందో లేదో చూడండి. తీసుకోకపోతే పోలిక చెల్లదు. లీనియర్ ఇంటర్‌సెప్టా, సమాన వృత్త వ్యాసమా అన్నది కూడా రాయాలి. ఈబీఎస్‌డీ స్టెప్ గ్రెయిన్ సైజులో పదో వంతుకు మించకూడదు. 8 మైక్రాన్లకు 0.8, 2.5 మైక్రాన్లకు 0.25.

దాని వెనకే ఇంకో రెండు ప్రశ్నలు వస్తాయి. "మీ తక్కువ ఉష్ణోగ్రత శాంపిల్ పూర్తిగా రీక్రిస్టలైజ్ అయిందని ఎలా చెబుతారు?" రోలింగ్ నాటి డిస్‌లొకేషన్లు కొంత మిగిలినా బలం పెరుగుతుంది, అది సన్నటి గ్రెయిన్ల ఖాతాలో పడుతుంది. డిస్‌లొకేషన్ సాంద్రత చదరపు మీటరుకు కోటి కోట్లు (1 తర్వాత పద్నాలుగు సున్నాలు) ఉన్నా టేలర్ సమీకరణం ప్రకారం రాగికి సుమారు 110 మెగాపాస్కల్ కలుస్తుంది. మీరు వెతుకుతున్నదేమో పది మెగాపాస్కల్ తేడా. కాబట్టి గ్రెయిన్ ఓరియెంటేషన్ స్ప్రెడ్ మ్యాప్ (ఒక్కో గ్రెయిన్ లోపల దిశ ఎంత మారుతోందో చూపే పటం) పెట్టి, 2 డిగ్రీల లోపు ఉన్న విస్తీర్ణం ఎంత శాతమో చూపించండి. రెండో ప్రశ్న టెక్స్చర్, అంటే గ్రెయిన్లు ఎక్కువగా ఒకే దిశలో అమరి ఉండటం. బాగా రోల్ చేసిన రాగిని అనీల్ చేస్తే క్యూబ్ టెక్స్చర్ వస్తుంది, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ బలపడొచ్చు. యాదృచ్ఛికంగా అమరిన గ్రెయిన్లకు టేలర్ ఫ్యాక్టర్ (అమరికను బట్టి బలం ఎంత మారుతుందో చెప్పే గుణకం) 3.06. క్యూబ్ గ్రెయిన్లను రోలింగ్ దిశలో లాగితే 2.45. ఇరవై శాతం తేడా. 60 మెగాపాస్కల్‌లో ఇరవై శాతం అంటే 12. మీ గ్రాఫ్ మొత్తం గ్రెయిన్ సైజు వల్ల కాక టెక్స్చర్ వల్లే వచ్చి ఉండే అవకాశం ఉంది. ప్రతి దశకూ టేలర్ ఫ్యాక్టర్ లెక్కించి, ఈల్డ్ స్ట్రెస్‌ను దాంతో భాగించి మళ్లీ గీయండి. గీత అప్పుడూ నిలబడితే మీ ప్రసంగానికి అదే అత్యంత బలమైన స్లైడ్. నిలబడకపోతే అది ఇంకా ఆసక్తికరమైన ఫలితం, దాన్నే చెప్పండి.

ప్రసంగం మాటకొస్తే, పదిహేను నిమిషాల్లో పన్నెండు మీవి, మూడు సభవి. పది స్లైడ్లకు మించొద్దు. రాగి ప్రాముఖ్యం మీద రెండు స్లైడ్లు వృథా చేయకండి, ఆ సభలో అందరికీ తెలుసు. మూడో నిమిషానికి మీ సొంత డేటా తెర మీద ఉండాలి. ఎంపిక చేసిన ఒక్క వక్రం కాకుండా, ఒక దశకు చెందిన ఐదు వక్రాలనూ ఒకదాని మీద ఒకటి చూపించండి. వర్క్ హార్డెనింగ్ రేటును (సాగేకొద్దీ లోహం గట్టిపడే వేగాన్ని) స్ట్రెస్‌కు ఎదురుగా గీసిన గ్రాఫ్ ఒకటి తప్పకుండా పెట్టుకోండి. ఈ విశ్లేషణను నిలబెట్టిన కాక్స్, మెకింగ్ కాలం నుంచి ఈ వర్గం చదివేది ఆ భాషలోనే. రాగికి మొదటి హార్డెనింగ్ రేటు షియర్ మాడ్యులస్‌లో ఇరవయ్యో వంతు దరిదాపుల్లో, అంటే 2 గిగాపాస్కల్ చుట్టూ ఉండాలి. చాలా దూరంగా ఉంటే స్ట్రెయిన్ కొలతను మళ్లీ చూడండి. ట్రూ స్ట్రెస్ వక్రాన్ని నెకింగ్ (శాంపిల్ ఒకచోట సన్నబడటం) దగ్గర ఆపేయండి. ఆ తర్వాత పొడవు ఆధారంగా వేసే మార్పిడి చెల్లదు. యూనిఫాం ఎలాంగేషన్ 12 శాతం ఉన్న పదార్థానికి హార్డెనింగ్ ఘాతాంకం 0.35 అని రాస్తే ఎవరో ఒకరు లేస్తారు. హాలమన్ నియమం (స్ట్రెస్ స్ట్రెయిన్ ఘాతంగా పెరుగుతుందనే సూత్రం) పాటించే పదార్థంలో అది 1.12 లాగరిథం, అంటే 0.11 దగ్గర ఉండాలి.

బ్యాకప్‌లో ఇవి ఉంచుకోండి: శాంపిల్ డ్రాయింగ్, లోడ్ సెల్ సర్టిఫికెట్, సవరించని లోడ్-కదలిక వక్రాలు, ట్విన్లతో ఒకటి ట్విన్లు లేకుండా ఒకటి ఈబీఎస్‌డీ మ్యాపులు, అనిశ్చితి లెక్క. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనడంలో నామోషీ లేదు. "అది కొలవలేదు, ఫలానా పద్ధతిలో కొలవవచ్చు" అనే జవాబును అక్కడ గౌరవిస్తారు. ఊహించి చెప్పిన జవాబునే పట్టుకుంటారు. ప్రశ్న అడిగినవాళ్లను టీ విరామంలో కలిసి మీ లాప్‌టాప్ తెరవండి. మూడు నిమిషాల్లో తేలనిది అక్కడ తేలుతుంది.

వినేటప్పుడు కూడా ఇదే కళ్లతో వినండి. హార్డ్‌నెస్‌ను మూడుతో భాగించి ఈల్డ్ స్ట్రెస్ అని ఎవరైనా చూపిస్తే గుర్తుంచుకోండి, టేబర్ సంబంధం ఇచ్చేది సుమారు 8 శాతం స్ట్రెయిన్ దగ్గరి ఫ్లో స్ట్రెస్. అనీల్ చేసిన రాగి హార్డ్‌నెస్ 50 విక్కర్స్ అయితే అలా 163 మెగాపాస్కల్ వస్తుంది, అసలు ఈల్డ్ 60 దగ్గరే ఉంటుంది. నానో ఇండెంటేషన్ వాళ్లను లోతు అడగండి. కొన్ని వందల నానోమీటర్ల లోపు సైజు ప్రభావం కలిసి హార్డ్‌నెస్ ఎక్కువ చూపిస్తుంది. త్రీడీ ప్రింటింగ్ లోహాల ప్రసంగాల్లో లాగిన దిశకూ పొరల దిశకూ మధ్య కోణం, ఉపరితలం మెషీన్ చేశారా లేదా అన్నవి అడగండి. ఈ రెండూ చెప్పని ఫెటీగ్ సంఖ్యతో మీరు చేయగలిగింది ఏమీ ఉండదు.

ఫ్రాక్చర్ టఫ్‌నెస్ (పగులు పెరగకుండా అడ్డుకునే సామర్థ్యం) సంఖ్య వినగానే మందం అడగండి. టఫ్‌నెస్‌ను ఈల్డ్ స్ట్రెస్‌తో భాగించి, వర్గం చేసి, రెండున్నరతో గుణించినంత మందం ఉంటేనే అది పదార్థానికి చెందిన సంఖ్య. టఫ్‌నెస్ 60 మెగాపాస్కల్-రూట్ మీటర్, ఈల్డ్ 500 మెగాపాస్కల్ అయితే 36 మి.మీ. కావాలి. 10 మి.మీ. శాంపిల్‌తో వచ్చినది ఆ శాంపిల్ సంఖ్య మాత్రమే. ఇంకా టఫ్ పదార్థాలకు ఈ మందం మీటర్లలోకి పోతుంది గనుక పగులు దగ్గర ఖర్చయ్యే శక్తిని కొలిచే జే-ఇంటెగ్రల్ పద్ధతికి మారతారు. 2022 చివర్లో క్రోమియం-కోబాల్ట్-నికెల్ మిశ్రమలోహానికి 20 కెల్విన్ దగ్గర 459 మెగాపాస్కల్-రూట్ మీటర్ టఫ్‌నెస్ ప్రకటించినది అలాగే. పగులు 2.25 మి.మీ. పెరిగాక 540 కూడా చూపించారు. ఇలాంటి పనిలో సంఖ్యను ఎంత గట్టిగా కట్టారో చదివి వెళ్లండి, మీ స్లైడ్లకు అదే నమూనా.

ఖర్చు గురించి క్లుప్తంగా. పరిశోధనకు నిధులిచ్చే ఏఎన్‌ఆర్‌ఎఫ్, సీఎస్‌ఐఆర్ వంటి కేంద్ర సంస్థల ప్రయాణ సాయానికి అంగీకార పత్రం రాగానే దరఖాస్తు చేయండి, గడువులు సదస్సుకు చాలా ముందే ముగుస్తాయి. వీసాకు ఆహ్వాన లేఖ విడిగా అడిగి తెప్పించుకోవాలి. మీ స్నేహితులకు కూడా ఒకటి చెప్పండి: మెయిల్‌లో పొగడ్తలతో వచ్చే ప్రతి "అంతర్జాతీయ సదస్సు" సదస్సు కాదు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒమిక్స్ సంస్థ మీద జర్నళ్లు, సదస్సుల విషయంలో తప్పుదోవ పట్టించారని తేల్చి అమెరికా కోర్టు 2019లో 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమంది. నిర్వాహక కమిటీ సభ్యుల సొంత విశ్వవిద్యాలయ పేజీల్లో ఆ సదస్సు ప్రస్తావన ఉందా, గత సంచికల ప్రొసీడింగ్స్ దొరుకుతున్నాయా, ఒకే హోటల్లో ఒకే రోజు వైద్యం, వ్యవసాయం, మెటలర్జీ అన్నీ కలిపి పెట్టారా అన్నవి చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది.

తిరిగి వచ్చాక పూర్తి పేపర్ పంపేటప్పుడు ముప్పై శాంపిళ్ల లోడ్, స్ట్రెయిన్ డేటాను సీఎస్‌వీ ఫైళ్లుగా జతచేయండి. ప్రతి ఫైలు మొదటి వరుసల్లో శాంపిల్ నంబరు, మూడు చోట్ల కొలిచిన మందం, వెడల్పు, అనీల్ ఉష్ణోగ్రత, సమయం, లోడ్ సెల్ సామర్థ్యం, పరీక్ష తేదీ ఉండాలి. కొత్త చుక్కలు వచ్చాక గ్రాఫ్, టేలర్ ఫ్యాక్టర్లు ఇక్కడ పెట్టండి. వాలు అనిశ్చితి ఎలా లెక్కించాలో అప్పుడు ఆ అంకెలతోనే చూద్దాం.